కొన్నాం గానీ మనది కాదట!

వీధిలో "పాత చీరలకు స్టీలు సామాన్లమ్మా" అన్న కేక వినపడితే బీరువా తెరవని ఇల్లుండదు. ఆ బేరం ఎంతసేపు సాగినా, మనం ఎంత గీచినా, అతనెంత బతిమాలినా, చివరికి ఎవరికేం దక్కిందో ఇద్దరికీ స్పష్టమే. చీర అతని మూటలోకి పోయింది. గిన్నె మన వంటింట్లోకి వచ్చింది. ఆ చీరని అతనేం చేసుకున్నా మనం అడగం. ఆ గిన్నెలో మనం పులుసు కాచుకున్నా, పిల్లదాని సారెలో పెట్టి పంపినా అతనడగడు. బేరమంటే అదీ.

ఇప్పుడు అదే మనిషి ఇంకో రకంగా మాట్లాడాడనుకోండి. "అమ్మా, గిన్నె తీసుకోండి. చీర నాకక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. కాని ఇకమీదట దాన్ని మీరు కట్టకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. పారేస్తే మీకే నష్టం. నేను ఎప్పుడొచ్చి అడిగితే అప్పుడు చూపించాలి. చూపించలేకపోయారా, గిన్నె కూడా మీది కాదు." అప్పుడు మనం ఊరుకుంటామా? నాలుగిళ్ళ వాళ్ళని పిలిచి న్యాయం అడగమూ?

కంప్యూటర్ల వ్యాపారంలో ఏళ్ళ తరబడి అచ్చంగా ఈ బేరమే నడిచింది. దాని పేరు అప్‌గ్రేడ్ లైసెన్సు. నాలుగిళ్ళ వాళ్ళని పిలిచినవారు మాత్రం బహు తక్కువ.

"కంప్యూటరు సంగతి మా అబ్బాయి చూసుకుంటాడు లెండి" అని పేజీ తిప్పెయ్యబోతున్నవారు ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో కొత్త కంప్యూటరు ఎవరికి, పాతది ఎవరికి? కొత్తది కొడుకు ఉద్యోగానికి, కూతురి చదువుకి. వాళ్ళు వాడి వదిలేసింది మనకి. చీటీల లెక్కలు, ట్యూషను పిల్లల మార్కులు, టైలరింగు బిల్లులు, అమెరికాలో మనవరాలి ముఖం, అన్నీ మనకి ఆ పాతదాంట్లోనే. పాత యంత్రానికి ఏ హక్కులున్నాయి, ఏవి లేవు అన్న ప్రశ్న ఇంటికొచ్చేసరికి ఆడవాళ్ళ ప్రశ్నే అవుతుంది.

ముందు ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కంప్యూటరు ఒక ఇల్లనుకుంటే ఆపరేటింగ్ సిస్టం ఆ ఇంటి ఇల్లాలు. తెర మీద ఏం కనపడాలో, కీబోర్డు ఏమంటోందో, ప్రింటరు ఎందుకలిగిందో, ఏ ఫైలు ఏ అరలో ఉందో చూసుకునేది ఆవిడే. పనులు సవ్యంగా జరుగుతున్నంతసేపూ ఆవిడ ఒకతె ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఒక పూట పడకేసిందా, ఇల్లంతా గగ్గోలు. మన ఇళ్ళలో ఎక్కువగా కనపడేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. ఆ కంపెనీ వారు కొన్నేళ్ళకోసారి కొత్త రకం విడుదల చేస్తుంటారు.

కొత్త రకానికి చాలాకాలం రెండు ధరలుండేవి. అసలేమీ లేనివారికి పూర్తి ధర, ఇంట్లో పాతది ఉన్నవారికి తగ్గింపు ధర. 2001లో విండోస్ ఎక్స్.పి. హోం రకం వచ్చినప్పుడు అమెరికాలో పూర్తి ధర 199 డాలర్లు, అప్‌గ్రేడ్ ధర 99. 2009లో వచ్చిన విండోస్ 7 హోం ప్రీమియంకి 199.99, 119.99. సగం దగ్గర తగ్గుతోందంటే ఎవరికి చేదు? కాని తగ్గింపు వెనక షరతుంది. అప్‌గ్రేడ్ కొనాలంటే పాతదానికి మీ దగ్గర సరైన లైసెన్సు ఉండాలి. అప్‌గ్రేడ్ చేశాక ఆ పాతదాన్ని మీరిక వాడకూడదు.

"ఇందులో తప్పేముంది? పాత గొలుసిచ్చి కొత్త గొలుసు చేయించుకున్నట్టేగా" అనవచ్చు. కాదండీ. కంసాలి పాత గొలుసుకి తూకం వేసి, తరుగు తీసి, లెక్క కట్టి తీసేసుకుంటాడు. ఆ తర్వాత కొత్త గొలుసు తనంత తాను మన సొంతం. రేపు దాన్ని తాకట్టు పెట్టబోతే "పాత గొలుసేదీ, చూపించు" అని ఎవరూ అడగరు. అప్‌గ్రేడ్ అలా కాదు. పాతది ఇచ్చేసినట్టా అంటే, ఇచ్చేసినట్టు కాదు. దాని పెట్టె, దాని నంబరు భద్రంగా దాచుకోవాలి. పోనీ మన దగ్గర ఉన్నట్టా అంటే, ఉన్నట్టూ కాదు, వాడకూడదు. ఇచ్చేసినదైతే కొత్తది నిఖార్సుగా నాది కావాలి. నా దగ్గర ఉన్నదైతే నన్ను వాడుకోనివ్వాలి. రెండూ కాని ఈ త్రిశంకు స్వర్గం ఏ వ్యాపార ధర్మం?

దాచిన పెట్టెతో కూడా పని తీరలేదు. ఎక్స్.పి. నాటి దాకా కాస్త నయం. ఖాళీ డిస్కు మీద కొత్తది ఎక్కిస్తుంటే "పాత సీడీ ఏదీ?" అని అడిగేది. పెట్టి చూపిస్తే సరేననేది. 2007లో విస్టా వచ్చింది. దాని అప్‌గ్రేడుకి సీడీ చూపిస్తే చాలదు. పాత విండోస్ అప్పటికే కంప్యూటరులో ఎక్కి ఉండాలి, దాని లోపలి నుంచే కొత్తదాన్ని మొదలుపెట్టాలి. అంటే అత్తగారు గుమ్మంలో నిలబడి పిలిస్తే తప్ప కోడలు గడప దాటకూడదు. దాటిందో లేదో, అత్తగారు ఇల్లు ఖాళీ చెయ్యాలి! హార్డు డిస్కు పాడై కొత్తది వేయించుకుంటే, మళ్ళీ ముందు అత్తగారిని వెతికి తెచ్చి, కూర్చోబెట్టి, ఆవిడ చేత కోడల్ని పిలిపించుకోవాలి.

ఆ తిప్పలు పడలేక జనం ఒక దొడ్డిదారి కనిపెట్టారు. నంబరు ఇవ్వకుండా విస్టానే ఒకసారి ఎక్కించి, ఆ విస్టా లోపలి నుంచి అదే విస్టాని రెండోసారి ఎక్కించడం. కోడలే అత్తగారి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి "రామ్మా" అని తనని తాను పిలుచుకుందన్నమాట. ఆ తంతు ఇంచక్కా పనిచేసింది! దీన్నిబట్టే తెలుస్తోంది ఆ నిబంధన బలమెంతో. దాటదలుచుకున్న వాడు దాటనే దాటాడు. డబ్బిచ్చి, బిల్లు దాచి, నియమం తప్పకూడదనుకున్న వాళ్ళకే ఒక పూటంతా వృథా.

ఇవన్నీ యంత్రాల తంటాలు, పోనివ్వండి. అసలు ప్రశ్న వేరు. దుకాణంలో డబ్బు లెక్కపెట్టి ఇచ్చి తెచ్చుకున్నాం గదా, మనం కొన్నదేమిటి? సరుకా, అనుమతా?

ఈ ప్రశ్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గడప తొక్కే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సాఫ్ట్‌వేరు అమ్మకం మీద అమ్మకపు పన్ను కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు కాదన్నారు. ఇది చేత్తో పట్టుకునే వస్తువు కాదు, బుద్ధిలోంచి పుట్టినది, దీన్ని సరుకనడం కుదరదన్నారు. 2004 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. తయారుగా సీడీలోకి ఎక్కించి అంగట్లో అమ్మే సాఫ్ట్‌వేరు సరుకే, పన్ను కట్టవలసిందే అంది.

విన్నారుగా! పన్ను దగ్గరికి వచ్చేసరికి అది సరుకు. బియ్యం బస్తాలా, సబ్బు బిళ్ళలా అంగడి సరుకు. మరి అదే పెట్టె ఇంటికి తెచ్చి విప్పితే లోపలి కాగితం ఏమంటుంది? "ఇది మీకు అమ్మలేదు, వాడుకోవడానికి అనుమతి మాత్రం ఇచ్చాము" అంటుంది. సర్కారు వారికి కట్టేటప్పుడు కొనుగోలుదారులం. కంపెనీ వారి ముందు నిలబడేటప్పుడు అనుమతి పొందినవాళ్ళం. ఒకే పెట్టె, ఒకే బిల్లు, పడమటి గుమ్మంలో ఒక మాట, తూర్పు గుమ్మంలో ఒక మాట.

అమెరికాలో ఈ తగవు సరిగ్గా అప్‌గ్రేడ్ మీదే వచ్చింది. ఇంటి ప్లాన్లు గీసే ఒక సంస్థ దగ్గర ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేరు పాత రకం పెట్టెలుండేవి. కొత్త రకం ఒక్కొక్కటి మామూలుగా కొంటే 3,750 డాలర్లు, అప్‌గ్రేడుగా అయితే 495. వాళ్ళు అప్‌గ్రేడ్ తీసుకున్నారు. పాతవి ధ్వంసం చెయ్యాలన్నది షరతు. వాళ్ళు చెయ్యలేదు, ఆఫీసులో పాత సామానుతో పాటు వాటినీ అమ్మేశారు. అవి కొన్నాయన పాత వస్తువులు అమ్ముకుని బతికే మనిషి. ఈబే అంగట్లో పెడితే తయారుచేసిన ఆటోడెస్క్ కంపెనీ వారు అభ్యంతరం చెప్పి ఆపించారు. ఆయన కోర్టుకెక్కాడు. కింది కోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఒకసారి అమ్మాక దాన్ని మళ్ళీ అమ్ముకునే హక్కు కొన్నవాడిదే అంది. 2010లో పై కోర్టు ఆ తీర్పు తిప్పేసింది. అసలది అమ్మకమే కాదు, లైసెన్సు, అమ్మనిదాన్ని మళ్ళీ అమ్మడమేమిటి అంది.

న్యాయంగా మాట్లాడుకుంటే, ఆ సంస్థ వారిది తప్పే. మాటిచ్చి తగ్గింపు తీసుకుని, మళ్ళీ పాతవి అమ్ముకోవడం ధర్మం కాదు. అయితే తీర్పు వాళ్ళ తప్పు దగ్గర ఆగిపోలేదు. కంపెనీ వారు కాగితం మీద "లైసెన్సు" అని రాసి, ఎవరికీ ఇవ్వకూడదని, ఇలా వాడాలి అలా వాడకూడదని గట్టి ఆంక్షలు పెడితే చాలు, కొన్నవాళ్ళు యజమానులు కారన్న సూత్రానికి ముద్ర వేసింది. ఆంక్షలు రాసేదెవరు? అమ్మేవారే. వాళ్ళెంత బిగిస్తే మన హక్కు అంత కరుగుతుందన్నమాట!

యూరోపులో ఇందుకు విరుద్ధంగా జరిగింది. 2012 జూలైలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం మరో సాఫ్ట్‌వేరు తగవులో ఇలా చెప్పింది: డబ్బు పుచ్చుకుని, కాలపరిమితి లేకుండా వాడుకోమని ఇస్తే, దానికి మీరు ఏ పేరు పెట్టినా అది అమ్మకమే. కొన్నవారు మరొకరికి అమ్ముకోవచ్చు. కాకపోతే అమ్మేశాక తమ దగ్గరున్న కాపీని పనికిరాకుండా చేసుకోవాలి. ఎంత తేట మాటో చూడండి. గిన్నె ఇచ్చేస్తే గిన్నె మన ఇంట్లో ఉండకూడదు, అంతే. ఇది మన అమ్మమ్మలు చెప్పగలిగిన న్యాయం. దీనికి లాయరు కూడా అక్కర్లేదు.

ఇక్కడ నాకు వేరే సంగతి గుర్తొస్తోంది. పోలిక పెద్దదనుకున్నా సరే, చెప్పక తప్పదు. 1956కి ముందు భర్త పోయిన స్త్రీకి ఆయన ఆస్తి దక్కితే అది ఎలా దక్కేది? బతికున్నన్నాళ్ళు అనుభవించు. కాని నీ ఇష్టానికి అమ్మకు, దానం చెయ్యకు. తప్పనిసరి అవసరమని రుజువు చేస్తే అప్పుడు చూద్దాం. నీ తరువాత నీ భర్త తరఫు వారసులకి. పొలంలో పండిన ధాన్యం గాదెలో పోసుకోవచ్చు, ఆ పొలంలో ఒక కుంట కూతురికి పసుపు కుంకుమల కింద రాసివ్వడానికి మాత్రం చెయ్యి కట్టేసి ఉండేది. దాన్ని పరిమిత హక్కు అనేవారు. 1956 హిందూ వారసత్వ చట్టంలో పద్నాలుగో సెక్షను వచ్చి, ఆమె చేతిలో ఉన్న ఆస్తికి ఆమె పరిమిత హక్కుదారు కాదు, సంపూర్ణ యజమాని అంది. వాడుకోవడం వేరు, సొంతం వేరు అని మనకి ఎవరూ పుస్తకాల్లోంచి నేర్పక్కర్లేదు. రెండు మూడు తరాల ఆడవాళ్ళు అనుభవించి తెలుసుకున్న పాఠం అది. ఇచ్చుకునే స్వేచ్ఛ లేనిది సొంతం కాదు.

అక్క పరికిణీ చెల్లెలికి, వదిన పట్టుచీర ఆడపడుచు కూతురికి, మన పాత కుట్టుమిషను పనిమనిషి పిల్లకి. మన ఇళ్ళలో వస్తువులు అలా చేతులు మారుతూనే బతుకుతాయి. కంప్యూటరు కూడా అలాగే మారాలి. ఇక్కడొక తిరకాసుంది. కంప్యూటరుతో పాటు తయారీదారు ఎక్కించి ఇచ్చే విండోస్ ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. యంత్రంతో సహా ఇచ్చేస్తే పరవాలేదు. కాని యంత్రం పోయి విండోస్ మిగిలితే దాన్ని ఇంకో యంత్రానికి మార్చడానికి వీల్లేదు. పాడవకపోయినా మన ఇష్టానికి మదర్‌బోర్డు మార్పించుకుంటే అది కొత్త కంప్యూటరు కింద లెక్కట. విడిగా, పూర్తి ధర పెట్టి కొన్న విండోస్‌కే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళ్ళే స్వేచ్ఛ. ఈ తేడా కొనేటప్పుడు చెప్పే దుకాణదారు నాకింతవరకు తగల్లేదు. "ఒరిజినల్ వెయ్యమంటారా మేడం, మామూలుది వెయ్యమంటారా?" అని మాత్రం ఠక్కున అడుగుతారు. మామూలుదంటే దొంగది! దొంగసొత్తుకి "మామూలు" అని పేరుపెట్టిన ఘనత బహుశా ఈ ఒక్క వ్యాపారానికే దక్కుతుంది.

ఆ దొంగసొత్తు వల్లే ఇన్ని కట్టుబాట్లు పెట్టామంటారు కంపెనీల వారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. వేలమంది ఏళ్ళ తరబడి శ్రమపడి రాసినదాన్ని నిమిషంలో కాపీ కొట్టి పంచుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. డబ్బు పెట్టి కొనాలన్నదాన్ని నేను కాదనడం లేదు, కొనే వాళ్ళ తరఫునే మాట్లాడుతున్నాను. మామూలుది వేయించుకున్నవాడిని పాత సీడీ చూపించమని అడిగేదెవరు? వాడి దగ్గర అప్‌గ్రేడూ లేదు, షరతూ లేదు, అత్తగారూ లేదు, కోడలూ లేదు. నంబరు సరిచూడటం, పాతది ఉందో లేదో నిలదియ్యడం, మదర్‌బోర్డు మార్చావేమని అడగడం, ఈ సోదాలన్నీ బిల్లు కట్టినవాళ్ళకే. టిక్కెట్టు కొని బండెక్కినవాళ్ళని నాలుగుసార్లు లేపి అడిగి, కమ్మీ పట్టుకు వేలాడేవాడిని వదిలేసినట్టుంది.

"2015లో వాళ్ళు అప్‌గ్రేడ్ ఉచితంగానే ఇచ్చారు గదా" అంటారు. నిజమే, మంచి పని చేశారు. ఆ ఏడాది జూలై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 ఉన్నవాళ్ళకి ఏడాదిపాటు ఉచితమన్నారు. మొదట అక్కడా అత్తగారి షరతే. పాతదాని లోపలి నుంచే ఎక్కించాలి. ఆ నవంబరులో దాన్ని సడలించి, పాత నంబరు వేస్తే నేరుగా ఒప్పుకునేలా చేశారు. 2021 అక్టోబరులో విండోస్ 11 కూడా ఉచితమనే వచ్చింది. అయితే ఈసారి షరతు లైసెన్సులో లేదు, యంత్రంలో ఉంది. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు వాళ్ళ జాబితాలో ఉండాలి. ఇంటెల్‌ది అయితే ఇంచుమించు ఎనిమిదో తరం, అంటే 2017 చివర నుంచి వచ్చినది కావాలి. అంతకుముందు కొన్న కంప్యూటరు ఎంత శుభ్రంగా నడుస్తున్నా దారి మూసేశారు. జాకెట్టు ముక్క ఉచితమే, పట్టుచీర కొంటేనే!

కొత్తది ఎక్కదు, పాతదానితోనే గడుపుకుందామంటే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేశారు. ఆ తర్వాత కూడా యంత్రం పనిచేస్తుంది, కాదనను. కాని ఎక్కడో కొత్త కంత కనపడితే పూడ్చే నాథుడుండడు. ఇల్లు మనదే, దీపం వెలుగుతూనే ఉంది, తలుపు గడియ మాత్రం ఊడిపోయింది. అందులోంచే బ్యాంకు లెక్కలు చూసుకోవాలి, అందులోంచే కరెంటు బిల్లు కట్టాలి. మరో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా గడియ బిగించి పెట్టడానికి అమెరికా ధర 30 డాలర్లన్నారు. లేదా మీ కంప్యూటరు సెట్టింగులు తమ గిడ్డంగిలో దాచుకోవాలన్నారు. అదీ కాకపోతే తమ బహుమతి పాయింట్లు వెయ్యి ఇమ్మన్నారు.

"పదేళ్ళు చూశారు, ఇంకెన్నాళ్ళు చూస్తారు?" అంటే ఆ పదేళ్ళు ఎప్పటి నుంచి లెక్క? విండోస్ 10 పుట్టిన రోజు నుంచి. నేను కొన్న రోజు నుంచి కాదు. 2018లో కాస్త పాత ప్రాసెసరున్న చవక కంప్యూటరు కొన్న ఆవిడకి దక్కింది ఏడేళ్ళే. అయిదు రూపాయల మందుబిళ్ళ అట్ట మీద గడువు తేదీ ఉంటుంది. పాల ప్యాకెట్టు మీద ఉంటుంది. కంపెనీ వారు తమ ప్రకటనల్లో ఎక్కడో పెట్టే ఉండవచ్చు. కాని ముప్ఫై వేలు పోసి కొన్న కంప్యూటరు పెట్టె మీద, మన కంటికి ఆనేలా, "ఫలానా తేదీ తరువాత దీనికి గడియ ఉండదు" అని రాసి నేను చూడలేదు.

మనం గొంతెత్తితే ఏమవుతుంది అంటారా? అవుతుంది. విస్టా లైసెన్సు షరతులు 2006 అక్టోబరులో బయటికొచ్చినప్పుడు, దాన్ని ఒక్కసారే వేరే యంత్రానికి మార్చుకోవచ్చని రాశారు. సొంతంగా యంత్రాలు బిగించుకునేవాళ్ళు గోలపెట్టారు. నెల తిరిగేసరికి ఆ వాక్యం మారింది. 2025లో యూరోపులోని వినియోగదారుల సంఘాలు నిలదీస్తే, అక్కడి వాళ్ళకి ఆ అదనపు ఏడాది భద్రతని డబ్బు లేకుండా, సెట్టింగులు దాచే షరతు లేకుండా ఇస్తామన్నారు. అదే కంపెనీ, అదే విండోస్, అదే గడియ. అక్కడ అడిగారు కాబట్టి ఇచ్చారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మే పెట్టనప్పుడు అమ్మేవాడు పెడతాడా?

కాబట్టి నేను అడిగేవి మూడే. మొదటిది, బిల్లు మీద తెలుగులోనో మనకి తెలిసే మాటల్లోనో రాయండి: ఇది అమ్మకమా, అనుమతా? యంత్రానికి కట్టిందా, మనిషికి ఇచ్చిందా? ఎన్నాళ్ళు? రెండోది, సరుకని మా దగ్గర పన్ను పుచ్చుకున్నాక దాన్ని సరుకుగానే చూడండి. కొన్నది మేము వాడటం మానేసి ఇంకొకరికి ఇచ్చుకుంటే అడ్డుపడకండి. అప్‌గ్రేడ్ ఇస్తే పాతదాన్ని నిజంగా వెనక్కి తీసుకుని, కొత్తదాన్ని నిజంగా మాకివ్వండి. మూడోది, నడిచే యంత్రం నడుస్తున్నంతకాలం గడియ బిగించే పని మీది. కొత్త రంగులు, కొత్త సోకులు అమ్ముకోండి, వాటికి ధర పెట్టుకోండి. దొంగ రాకుండా కాపాడటాన్ని మాత్రం విడిగా అమ్మకండి.

ఈలోగా మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి. కొనేటప్పుడు "యంత్రంతో వచ్చే లైసెన్సా, విడి లైసెన్సా?" అని దుకాణంలో గట్టిగా అడగండి. తెలియదంటే తెలిసినవాళ్ళని పిలవమనండి. బిల్లూ, నంబరూ నగల రసీదులతో పాటు దాచండి. "మామూలుది" వద్దనండి. అది మన నోరు మనమే నొక్కుకోవడం, దొంగసొత్తు వాడుతూ న్యాయం అడగలేం. కొత్త విండోస్ ఎక్కని యంత్రాన్ని పాతసామాన్ల వాడికి తూకానికి వేసే ముందు లినక్స్ సంగతి కనుక్కోండి. 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఆ పనిలో ఎంతోమంది చేతులు కలిపారు. దాన్ని డబ్బు లేకుండా ఎక్కించుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు, పంచమని దాని లైసెన్సే చెబుతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళుగా దాని మీదే నేర్చుకుంటున్నారు. తెలుగులో పలకరించే లినక్స్‌ని హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారు తయారుచేశారు. అలవాటయ్యేదాకా కాస్త చిరాకు, కొన్ని పాత ప్రోగ్రాములు అందులో నడవకపోవడమూ నిజమే. కొత్త స్టవ్వు అలవాటయ్యేదాకా అన్నం ఒకటి రెండుసార్లు అడుగంటదూ!

పెద్ద పెద్ద కంపెనీలతో మనకెందుకు అనుకుంటే, అంగడిలో వంకాయలు కూడా వాళ్ళు ఏరి ఇచ్చినవే తెచ్చుకోవాలి. పావుకిలో వంకాయల దగ్గర పుచ్చు చూసి పక్కన పెట్టే మనం, ముప్ఫై వేల సరుకు దగ్గర "ఒప్పుకుంటున్నాను" అన్న గడిలో చదవకుండా టిక్కు కొట్టి వచ్చేస్తున్నాం. ఆ టిక్కు కింద ఏముందో ఈసారి చదవండి. చదివి అర్థం కాకపోతే అది మన తెలివితక్కువ కాదు, రాసినవాళ్ళ అతితెలివి. అర్థమయ్యేలా చెప్పమని అడిగే హక్కు డబ్బిచ్చినవాళ్ళకి ఉంటుంది. ఆ హక్కుకి మాత్రం ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.